జిల్లా దాటని బస్సు

అన్యాయం జరిగింది ఎవరికి, ఏ విధంగా?

భిలాయి ఉక్కు కార్మికుల బస్తీ అయిన క్యాంప్ 2లో కాపురముండే జోగమ్మకు. కొడుకు ఉదయ్‌కుమార్ పసితనంలో పచ్చకామెర్లతో మంచం పట్టినప్పుడు, బిడ్డ బతికితే అమ్మవారి ఘటాన్ని నెత్తిన మోసి శివనాథ్ నదిలో సాగనంపుతానని ఆమె మొక్కుకుంది. బిడ్డ బతికాడు, మీసాలు వచ్చాయి, కాంట్రాక్టు పనిలోనూ చేరాడు. మొక్కు మాత్రం తీరలేదు. విజయనగరం వైపు నుంచి మాతోపాటు వలస వచ్చిన అమ్మవారు భిలాయిలో ఉత్సవ కమిటీ అధీనంలో ఉండటమే అందుకు కారణం. ఘటమెత్తే భాగ్యం ఏటేటా ఎవరో ఒక అధికారి భార్యకే దక్కేది. అమ్మవారికి హోదాల పట్టింపు ఉన్నదని మాకు తెలియజేసింది కమిటీయే.

1994లో ఆ భాగ్యం అధ్యక్షులు ధర్మారావుగారి శ్రీమతి లలితాంబను వరించింది. రవాణా ఏర్పాట్లలో తమను మించినవారు లేరని ధర్మారావుగారు స్వయంగా చెప్పుకునేవారు. ఆ విషయం చెప్పగలవారు మరొకరు లేరు. ఆయన బస్సు మాట్లాడారు.

"ఈ ఏడైనా ఘటం నాకిస్తారా బాబుగారూ?" అని అడిగింది జోగమ్మ.

"వచ్చే ఏడు చూద్దాం. బస్సులో చోటు కూడా లేదు, టెంపోలో వచ్చెయ్."

వచ్చే ఏడు చూద్దామన్న మాటను ఆయన ఏనాడూ తప్పలేదు. ప్రతి ఏడూ చెప్పేవారు.

ఎత్తిన ఘటం నేల తాకరాదు. ఉపవాసమున్న స్త్రీ చేతులు తప్ప మరొకరి చేతులు సోకరాదు. లలితాంబ ఉపవాసముంది. బస్సులోని తక్కిన భక్తురాళ్లం పూరీలు తిన్నాము.

వంతెన మొదట తనిఖీ ఉద్యోగి బస్సు ఆపాడు. "ఉస్ పార్ దూసరా జిలా హై సాబ్" అన్నాడు. నది దాటితే వేరే జిల్లా. మా బస్సుకు పర్మిట్ ఇవతలి ఒడ్డు వరకే. స్నానఘట్టం అవతలి ఒడ్డున ఉంది. ఇవతల నీటి పంపుల చుట్టూ కంచె, నీట్లో దిగే వీలు లేదు. ధర్మారావుగారు తమ హోదా చెప్పారు. ఆ ఉద్యోగి శ్రద్ధగా విని, మళ్లీ అదే జిల్లా మాట చెప్పాడు.

వైశాఖపు ఎండలో లలితాంబ ఘటంతో వంతెన ఎక్కింది. నాలుగడుగులకే మెడ వణికింది.

"ఎవరైనా అందుకోండి! పడిపోతుంది!" అని కేకేసింది.

పూరీలు తిన్నవాళ్లమంతా ఒకరి ముఖాలొకరం చూసుకున్నాము. అప్పుడే టెంపో దిగి వచ్చింది జోగమ్మ. మొక్కు బాకీ ఉన్నంతకాలం పండుగనాడు పచ్చి మంచినీళ్లయినా ముట్టని మనిషి.

"సమయానికి వచ్చావు జోగమ్మా!" అన్నారు ధర్మారావుగారు. "కాస్త వంతెన దాటించు. అవతల మేడమ్‌కి ఇచ్చేద్దువుగాని."

"మొయ్యడానికి నానేటి కూలీనా బాబుగారూ? నా నెత్తికెక్కితే అది నా మొక్కు. నీట్లో దిగేదీ నానే."

"కమిటీ తీర్మానం ప్రకారం..." అని ఆయన ఆరంభించారు.

"మీ కమిటీని మీరు నెత్తికెత్తుకోండి!" అని కసిరింది లలితాంబ. "రా జోగమ్మా, తీసుకో. నీదే."

ఘటం తల మారింది. ముందు జోగమ్మ, వెనుక కమిటీ. అధ్యక్షులవారు అందరికంటే వెనుక నడిచారు. అది వారికి అలవాటు లేని స్థానం.

జోగమ్మ నడుములోతు నీట్లో నిలబడి ఘటాన్ని వదిలింది. అది ఒకసారి తిరిగి, మునిగింది.

"నీ బాకీ తీరిపోనాది తల్లీ" అంది జోగమ్మ, దోసెడు నీళ్లు తాగుతూ.