నరసింహుడి ఎరుపు

నేను ఒక రేకుపెట్టెను. నన్ను చేసినవాడు బట్టలు దాచుకోవడానికే చేశాడు గానీ, నాటకాలవాళ్ళు కొనుక్కోవడంతో నా కడుపులో చీరలకు బదులు నీలం రంగు, తెల్ల పొడి, కొబ్బరినూనె, అంటించుకునే మీసాలు చేరాయి. మూత లోపల అద్దం బిగించారు. ఒక మొహంతో నా ముందు కూర్చుని ఇంకో మొహంతో లేచిపోయేవాళ్ళను చూడటమే నా బతుకైంది.

మా యజమాని పుండరీకాక్షం తెనాలిలో పగలు ఫ్యాన్లు బాగుచేస్తాడు, రాత్రి కృష్ణుడి వేషం వేస్తాడు. నడివయసులో అతని బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చాయి. స్టేజీ మీద నీలం కింద అవి ఎవరికీ కనిపించవు. దుకాణంలో మాత్రం ఒకావిడ, "బుగ్గలకి గ్రీజంటింది, తుడుచుకోండి కృష్ణుడుగారూ" అంది.

అది గ్రీజు కాదు. ఆ మాట అతనికి గట్టిగా తగిలింది.

ఫోనులో ఎవరో అమ్మాయి చెప్పిన చిట్కా దొరికింది. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు కలిపి పట్టించి ఎండలో ఆరబెట్టుకోవాలట. భార్య వకుళ వంటింట్లోకి రానివ్వకపోతే, నా మూత తెరిచి, అద్దంలో చూసుకుంటూ డాబా మీదే కలిపాడు.

"రాత్రంతా నల్లనయ్యనని దణ్ణాలు పెట్టించుకుంటారు, తెల్లారితే తెల్లబడాలంటారు. అసలు మీకు ఏ మొహం కావాలండీ?" అంది వకుళ.

"మాట్లాడించకే, పగుళ్ళొస్తాయి."

"మంటగా లేదూ?"

"మండుతోందంటే పనిచేస్తోందన్నమాట!"

బాగానే పనిచేసింది. కడుక్కునేసరికి తోలు ఊడి, బుగ్గలు ఎర్రగా వాచిపోయాయి. మిగిలిన ముద్దను సీసాలోకి ఎత్తి నాలో పెట్టాడు. రేపు ఇంకోసారి రాస్తే సర్దుకుంటుందని ఆశ.

సాయంత్రం పొన్నూరులో నాటకం. మేకప్ వేసే మస్తాన్ నీలం రంగును వేలితో అంటించాడో లేదో, పుండరీకాక్షం కెవ్వుమన్నాడు.

"గురువుగారూ, ఈ మొహానికి కృష్ణుడు కుదరడు. నరసింహుడైతే రంగే అక్కర్లేదు" అన్నాడు మస్తాన్.

అప్పటికప్పుడు నాటకం మార్చారు. అట్టస్తంభం చీల్చుకుని పుండరీకాక్షం బయటికొచ్చాడు. లైట్ల వేడికి బుగ్గలు భగ్గుమన్నాయి. ఆ గర్జన నటన కాదని నాకు, మస్తాన్‌కు మాత్రమే తెలుసు. ముందు వరసలో ఒకావిడ కర్పూరం వెలిగించింది. చివర్లో నిర్వాహకులు మస్తాన్‌ను పిలిచి, ఇంత సహజమైన ఆహార్యం ఎన్నడూ చూడలేదని శాలువా కప్పారు. పాపం, అతను సిగ్గుతో తల దించుకుంటే వినయమనుకున్నారు.

మర్నాడు చర్మవ్యాధుల డాక్టరు దగ్గర పుండరీకాక్షం మూడుసార్లు అబద్ధమాడి, నాలుగోసారి నిజం చెప్పాడట. "మీరు చర్మం కాల్చుకున్నారండీ. మానాక ఇక్కడ మచ్చ ఇంకా నల్లబడొచ్చు. నేను చెప్పేదాకా రంగు ముట్టుకోకండి, ఎండలోకి వెళ్ళకండి" అందావిడ. ఆ రాత్రి అతను అన్నం ముట్టలేదు. వేషం లేకుండా తననెవరు చూస్తారని వకుళ ముందు ఏడ్చాడు.

అప్పటినుంచి తువ్వాలుతో మొహం కప్పుకునే తిరుగుతున్నాడు. ఒకరోజు రేపల్లెలో నరసింహుడి వేషం వేసే సుదర్శనం అనే కుర్రనటుడు వచ్చి, ఆ ఎరుపు రంగేదో చెప్పమని ప్రాధేయపడ్డాడు. నిజం చెప్పడానికి మా యజమానికి నోరు రాలేదు. "నాకింక పనేముంది, పట్టుకెళ్ళు" అని నన్ను లోపలి సామానుతో సహా అతని చేతిలో పెట్టాడు.

సుదర్శనం బస్టాండులో నన్ను తెరిచి, ఆ సీసా మూత తీశాడు. "తెల్లగా ఉందే! పూసుకుంటే ఎరుపెక్కుతుంది కాబోలు" అని ఆనందంగా ఇంత ముద్ద వేలికి తీసుకున్నాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

అరుపు వెనకనుంచి వచ్చింది. "ఆగు! పూసుకోకు!"

సీసా పారేశారా అని వకుళ అడిగితే గానీ మా యజమానికి గుర్తురాలేదట. మిట్టమధ్యాహ్నం, చెప్పుల్లేకుండా, రొప్పుతూ వచ్చాడు. సుదర్శనం మర్యాదగా నవ్వాడు. "రహస్యం ఎవరికీ చెప్పన్లెండి గురువుగారూ."

పుండరీకాక్షం ఒక్క క్షణం చుట్టూ చూశాడు. బస్టాండు నిండా జనం. తువ్వాలు లాగేశాడు. ఊడిన తోలు, మందు జిడ్డు, ఆ కిందనే చెక్కుచెదరని మంగు.

"ఇది రంగు కాదురా నాయనా, నా మొహం!"

సుదర్శనం వేలు కిందికి దిగింది. పక్కన బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దావిడ గబగబా గొడుగు విప్పి పుండరీకాక్షం తలమీద పట్టింది. "ముందు నీడలోకి రా బాబూ" అంది.