బావగారి పరగడుపు

మనిషి గొప్పతనమంతా ఆసుపత్రి గౌను తొడుక్కునేంత వరకేనని పైపులమ్మ గట్టి నమ్మకం. వీపు మీద ముడులు వేసే ఆ పల్చటి గౌను ఒంటి మీద పడిందా, ఎంతటి మొనగాడైనా ఒక చేత్తో వెనక అంచు పట్టుకుని గోడవారగా నడవాల్సిందే. బయట వరండాలో ఫోన్ పట్టుకుని ఎవరెవరినో గదమాయించిన పెద్దమనుషులే లోపలికొచ్చాక "అమ్మా, నొప్పి పుడుతుందా?" అని చిన్నపిల్లల్లా అడుగుతారు. ఆమె ఏళ్ల తరబడి ఎండోస్కోపీ గదిలో టెక్నీషియన్. గొంతులోంచి కడుపులోకి దించే పొడుగాటి నల్లటి గొట్టాన్ని, అదే స్కోపును, కడిగి, ఆరబెట్టి, వెలుగొస్తోందో లేదో చూసి డాక్టరు చేతికందించడం, పడుకున్న మనిషిని ఎడమ పక్కకు తిప్పి దాన్ని కొరక్కుండా పళ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల బిగించడం ఆమె పని. ఇన్నేళ్లలో మనుషుల మీద ఆమెకు గౌరవం పెరగలేదు. ఉన్నది కూడా తరిగింది.

అన్నిటికంటే ఆమెకు ఒళ్లు మండేది అబద్ధాలకు. పరగడుపున రమ్మని మొత్తుకుని చెప్పి పంపుతారు. వచ్చినవాళ్లను "ఏమైనా తిన్నారా?" అని అడిగితే ఒక్కడూ నిజం చెప్పడు. మీసాల మీద బ్రెడ్డు పొడి ఉన్నవాడు కూడా పచ్చి గంగైనా ముట్టలేదంటాడు. అందుకే ఆమె అలా అడగడం ఎప్పుడో మానేసింది. గౌను ముడి వేస్తూ, ఏదో కబుర్లాడుతున్నట్టు, "ఈ పూట కాఫీ ఎలా ఉందండీ, చిక్కగా పడిందా?" అంటుంది. తాగనివాడు తెల్లమొహం వేస్తాడు. తాగినవాడు మాత్రం పాపం, మనసు విప్పి చెప్పేస్తాడు.

పైపులమ్మ అన్న పేరు పెట్టింది ఆమె బావ, అంటే అక్క మొగుడు. ఆయనకో డ్రైవింగ్ స్కూలుంది. పొద్దస్తమానం పక్క సీట్లో కూర్చుని "బ్రేకు! బ్రేకు!" అని అరిచి అరిచి, ఇంట్లో కూడా అదే గొంతు. నలుగురు చేరిన చోటల్లా, మరదలు గిన్నె పట్టుకుని వడ్డించడానికొస్తే, "ఆగండాగండి, పైపులమ్మ చేతులు కడుక్కుందో లేదో కనుక్కుని మరీ పెట్టించుకోండి" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే, నా గదికి రాకపోతావా నాయనా, అనుకునేది.

చివరికి ఆ రోజు వచ్చింది. అక్క ఫోన్ చేసి గొంతు తగ్గించి ఏడ్చింది.

"ముద్ద దిగడం లేదే ఆయనకి. నెలల నించీ పాలల్లో బ్రెడ్డు నానబెట్టుకుని తింటున్నారు. అడిగితే ఒళ్లు తగ్గిస్తున్నానంటారు. మింగేటప్పుడు గుండె మీద చెయ్యేసుకుని కళ్లు మూసుకుంటున్నారు. నేను చూడట్లేదనుకుంటారు. నా మాట వినరు, నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ఆయనకేమైనా అయితే నేను బతకలేనే."

పైపులమ్మ గుండెల్లో రాయి పడింది. ఇలాంటి కబురు రోజూ వినే గదిలోనే పని చేస్తుంది కాబట్టి, ఆ రాయి ఎంత బరువైనదో ఆమెకు తెలుసు. బావ మీద ప్రేమ కాదు, ఆ మనిషంటే ఆమెకు రవ్వంతైనా గిట్టదు. కానీ అక్క ప్రాణమంతా ఆయన చుట్టూనే అల్లుకుని ఉంది, ఏం చేస్తాం.

అక్క కాళ్లావేళ్లా పడి ఆయన్ని ఆసుపత్రికి లాక్కొచ్చింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఆసుపత్రిని కొనడానికొచ్చినవాడిలా దిగాడు. కారు సరిగ్గా పెట్టొస్తానని కిందికెళ్లి చాలాసేపటికి గానీ రాలేదు. రాగానే డాక్టరుతో గుసగుసగా, "మా మరదలు లోపల ఉండకూడదు" అన్నాడు.

"ఆవిడ లేకపోతే స్కోపు కూడా ఉండదండీ" అన్నాడు డాక్టరు విసుగ్గా.

పైపులమ్మ బావకు గౌను తొడిగించింది. వెనక ముడి కావాలనే కాస్త బిగించి, "కింద క్యాంటీన్‌లో కాఫీ మార్చారట, ఇప్పుడు బాగుంటోందా బావా?" అంది.

"అదీ ఒక కాఫీయేనా! రంగు నీళ్లు. బ్రెడ్డు ముంచుకుంటే గానీ గొంతులోకి..." అంటూ ఆగిపోయాడు బావ.

ఇంకేముంది, డాక్టరు చేతి తొడుగులు విప్పేశాడు. కడుపులో తిండి పెట్టుకుని మత్తిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. ఇంకోసారి రమ్మన్నాడు. బావ ముఖం మాడుతుందేమోనని చూసింది పైపులమ్మ. మాడకపోగా పరీక్ష వాయిదా పడ్డ కుర్రాడి ముఖంలా వెలిగిపోయింది. అప్పుడర్థమైంది ఆమెకు, అది మతిమరుపు కాఫీ కాదు. పిరికి కాఫీ.

సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ఆయనే ఫోన్లు చేసి చెప్పుకున్నాడు. "వెళ్లానురా. డాక్టరు చూశాడు, మీకు ఏ పరీక్షా అక్కర్లేదు పొమ్మన్నాడు." అక్క మళ్లీ ఏడ్చింది. బతిమాలితే ఇంకా బిగుసుకుంటున్నాడంది.

బతిమాలడం పైపులమ్మకు చేతకాని పని. ఆ మర్నాడు మధ్యాహ్నం పని మధ్యలో ఆమె తిన్నగా డ్రైవింగ్ స్కూలుకెళ్లింది. మేడ మెట్ల కింద ఒక్క గది, గోడ నిండా ట్రాఫిక్ గుర్తుల బొమ్మలు, బల్లల మీద నేర్చుకోవడానికొచ్చిన ఆడా మగా. బావ బెత్తంతో ఒక ఎర్ర గుర్తును కొట్టి చూపిస్తున్నాడు. ఈమె గుమ్మంలోనే నిలబడి, అందరికీ వినపడేలా అంది.

"బావా, నీ సంగతి కనుక్కున్నాను. పైపుకి భయపడి పారిపోయేవాళ్లకి మా పిల్లల వార్డులో బొమ్మలు చూపిస్తూ చేస్తారట. ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి ఎవరైనా తోడు రావాలి. అక్కని రమ్మననా?"

బల్లల మీద కిసుక్కుమని నవ్వులు. బావ ఒంటికాలి మీద లేచాడు.

"ఎవరికే భయం? నాకా? రేపే వస్తా!"

"క్యాంటీన్ దారిలోనేనా?"

"నీళ్లు కూడా ముట్టను! నువ్వే చూస్తావుగా!"

"చూస్తాను. అన్నీ కనపడతాయి అందులో" అని వెనక్కి తిరిగింది. సిగ్గూ శరమూ లేకుండా నలుగురిలో ఒక జబ్బు మనిషిని ఎగతాళి చేసింది. అయినా ఆమెకు పశ్చాత్తాపం లేదు. అంత లావు అహంకారమున్నవాడిని అహంకారం పట్టుకునే లాగాలి, మరో పట్టు దొరకదు.

మర్నాడు బావ నిజంగానే పరగడుపున వచ్చాడు. పెదాలు ఎండి తెల్లగా అట్టకట్టి ఉన్నాయి. కాఫీ ప్రశ్న అడిగితే తెల్లమొహం వేశాడు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, గొంతు మొద్దుబారే మందు చిమ్మి, పళ్ల మధ్య బిళ్ల బిగించింది. ఇన్నేళ్లకు ఆ నోటికి ఒక అడ్డు దొరికింది. "బ్రేకు వెయ్యకు బావా, మింగు" అందామని ఎప్పటినుంచో దాచుకున్న మాట నాలుక చివర ఉంది. అంతలో ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె ఏప్రన్ అంచును పట్టుకుంది. కోపంగా విదిలించేద్దామనుకుంది గానీ, మత్తు ఎక్కేదాకా అలాగే ఉండనిచ్చింది.

స్కోపు దిగింది. టీవీ తెర మీద ఆయన అన్నవాహిక గులాబీ రంగు గొట్టంలా నున్నగా, తడిగా సాగుతోంది. చివరికొచ్చేసరికి ఆ నునుపు పోయింది. గడ్డలు గడ్డలుగా, తాకితే నెత్తురు చిమ్మే మాంసం దారికి అడ్డంగా పెరిగి ఉంది. స్కోపు అక్కడే ఆగిపోయింది. అప్పటిదాకా ఏదో జోకు చెబుతున్న డాక్టరు మధ్యలో ఆపేశాడు. చివర మాంసం ముక్క కొరికి తీసే చిన్న దవడ ఉన్న తీగను లోపలికి పంపించి, "తెరువు" అన్నాడు. పైపులమ్మ పిడి నొక్కింది. "మూయి." మూసింది. పరాయివాళ్లకు లెక్కలేనన్నిసార్లు చేసిన పనే. చేతులు వాటి పాటికవి చేసుకుపోయాయి, ముక్కలు సీసాలో పడ్డాయి.

"రిపోర్టు రానీ. అప్పటిదాకా ఎవరూ ఏమీ అనొద్దు" అన్నాడు డాక్టరు, ఆమె వైపు చూడకుండా.

ఆ గదిలో టెక్నీషియన్ ముఖం మీద ఏదీ కనిపించకూడదు, అదొక్కటే ఆ పనికి అసలు నియమం. తన ముఖం మీద పైపులమ్మకు చాలా గర్వం. ఆ ముఖాన్ని సరిచేసుకుని, గుడ్డ తెర వెనక మంచం మీద పడుకున్న బావ దగ్గరికెళ్లింది. మత్తు దిగుతూ ఆయన కళ్లు విప్పాడు.

"ఏం కనపడింది?" అన్నాడు బొంగురు గొంతుతో.

"ఏం కనపడుతుంది? ఇన్నాళ్లూ మింగిన అబద్ధాలన్నీ అడ్డం పడి ఉన్నాయి."

బావ పెదాలు సాగాయి. "అమ్మయ్య. నువ్వు తిడుతున్నావంటే నాకేం లేనట్టే" అని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఏదో అనుమానం వచ్చినట్టు మళ్లీ తెరిచి, ఆమె ముఖం వంక చూస్తూ ఉండిపోయాడు. "ఏదీ, ఇంకోసారి తిట్టు" అన్నాడు.

ఆయన్ని తిట్టడానికి ఆమె దగ్గర మాటలకేం కొదవ? పెళ్లి పందిట్లో మొదలుపెట్టి నిన్నటి దాకా పోగేసుకున్న తిట్లు కొండంత ఉన్నాయి. నోరు తెరిచింది. ఒక్కటీ రాలేదు. జారిపోయిన దుప్పటి ఆయన భుజం మీదికి లాగి, "కాస్త పడుకోండి బావగారూ" అంది.

ఆ మర్యాద విని ఆయన ఆమె ముఖం మీంచి చూపు తిప్పుకున్నాడు. తర్వాత మోచేతి మీద మెల్లగా లేవబోయాడు.

"మీ అక్కని అప్పుడే లోపలికి పంపకు. నేను కాస్త మొహం కడుక్కుంటాను."