దిష్టిబొమ్మ కింది నంబరు

నేను ఒక రేకు బోర్డును. నాకు చదువు రాదు. నవ్వకండి. ఒళ్లంతా అక్షరాలు పెట్టుకుని చదువు రాదంటుందేమిటి అనుకుంటున్నారు కదూ? మీ వీపు మీద ఎవరైనా నాలుగు ముక్కలు రాస్తే మీరు మాత్రం చదువుకోగలరా? నా మీద ఏముందో దారిన పోయేవాళ్లు పైకి చదివితే విన్నానంతే. విన్నది మాత్రం మరచిపోను.

పుట్టుక చెప్పాలి కదా, అది లేకుండా కథేమిటి. మొదట నేను వేరుశనగ నూనె డ్రమ్మును. రేకుల షెడ్డులో ఒకాయన నన్ను నిలువునా కోసి, మూడు రోజులు సుత్తితో కొట్టి సాపు చేశాడు. ఇప్పటికీ ఎండ ముదిరితే మధ్యలో కాస్త ఉబ్బుతాను. తర్వాత ఒక సోడా కొట్టు నెత్తిమీద పదకొండేళ్లు ఉన్నాను. నా మీద గోలీ సోడా బొమ్మ ఉండేది. మండుటెండలో నడిచొచ్చినవాళ్లు నన్ను చూడగానే వాళ్ల ముఖాలు విచ్చుకునేవి. ఆ చూపులు మళ్లీ నాకు దక్కలేదు. కొట్టు ఎత్తేశాక కోళ్లగూటికి తలుపునయ్యాను. కోళ్లకు చదువు రాదు, నాకూ రాదు, బాగానే గడిచింది. ఆ కోళ్ల పేర్లన్నీ నాకు గుర్తే, కానీ మొదలుపెడితే మీరు లేచి వెళ్లిపోతారు.

అక్కణ్ణుంచి నన్ను కాంట్రాక్టరు గవర్రాజు తీసుకుపోయాడు. కొండవాలున మట్టి కోసి, ఇళ్ల స్థలాలు చదును చేయడం అతని పని. తెల్ల చొక్కా, నుదుట రూపాయంత బొట్టు. మంచివాడే. ఈ మాట ముందే చెప్పి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే కాసేపట్లో మీరు అతన్ని తిట్టుకుంటారు.

మాది సముద్రానికీ కొండకీ మధ్య ఇరుక్కున్న ఊరు. కొండంతా ఎర్రమట్టి. పైన ఒకడు గునపం వేస్తే కింద ఇంకొకరి వాకిట్లోకి మట్టి దిగుతుంది. అందుకని పట్టణం ఆఫీసువాళ్లు ఒక నియమం పెట్టారు. మట్టి కోసే ప్రతి కాంట్రాక్టరూ ముందు అనుమతి తీసుకోవాలి. నేల కింద నీళ్ల గొట్టం ఎక్కడుందో, కరెంటు తీగ ఎక్కడుందో సున్నంతో గీత గీయించాలి. వాలు కింద ఇసుక బస్తాల కట్ట వేయాలి. అవన్నీ ఆ ఆఫీసు ఇంజినీరమ్మ వచ్చి కళ్లారా చూసి సరే అన్న తర్వాతే పొక్లెయిన్‌తో మొదటి బొచ్చె మట్టి లేవాలి. ఇదంతా ఒక బోర్డు మీద రాయించి రోడ్డువైపు నిలబెట్టాలి. అన్నిటికంటే కింద, ఎర్ర రంగులో, ఎవరికైనా ఇబ్బంది కలిగితే చేయాల్సిన ఫోన్ నంబరు. ఆ బోర్డునే నేను. ధర్మయ్య అనే పెయింటరు నా సోడా బొమ్మ మీద తెల్లరంగు పూసి, పూటంతా కూర్చుని రాశాడు. చివరి ఎర్ర అంకెలు రాసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాడు. ఆ అంకెలు పెద్ద గొప్పవి కాబోలనుకున్నాను.

కొండవాలు వీధి మలుపులో రెండు సరివి బాదులకు కొట్టి నన్ను నిలబెట్టారు. నా ముందు రోడ్డు, వెనక కోయబోయే కొండ. పక్కకు చూస్తే వాలు కింద అసిరమ్మ ఇల్లు. రెండు గదులు, వెనక రుబ్బురోలు, దాని పక్కన ఇడ్లీ పొయ్యి. పెనిమిటి పోయాక ఆ ఇడ్లీల మీదే బతికింది. ఆ ఇంటి వెనక గోడకూ కొండకూ మధ్య పట్టుమని పది అడుగులు లేవు.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఇంజినీరమ్మ సోమవారం వస్తానంది. పంతులుగారేమో శుక్రవారం ఉదయం ఏడూ నలభైకి ముహూర్తం పెట్టారు. అది దాటితే మళ్లీ శ్రావణమాసమేనట.

"ఇంజినీరమ్మ రాకుండా మట్టి తియ్యకూడదు కదేటి బాబూ?" అన్నాడు పొక్లెయిన్ తోలే తవిటయ్య. అంతకుముందే తీరిగ్గా నన్ను పైనుంచి కిందికి చదివాడు పాపం.

"ముహూర్తం ఆగుతాదేట్రా? ఇంజినీరమ్మైతే ఆగుతాది. శాస్త్రానికి మూడు బొచ్చెలు తియ్యి, సాలు."

కొబ్బరికాయ కొట్టారు. ఈశాన్యం మూల మూడు బొచ్చెలు తీశారు. మూడూ తీశాక, బండి ఎలాగూ వచ్చింది కదా అని నాలుగోది తీశారు. శాస్త్రానికి తీసింది మధ్యాహ్నానికి పెద్ద గొయ్యయింది, శనివారానికి కొండకు సగం కడుపు లేదు. ఇసుక బస్తాలు ఇంకా లారీ ఎక్కనే లేదు. సోమవారం ఇంజినీరమ్మకు గవర్రాజే ఫోన్ చేసి, బస్తాలు రాలేదు, పని మొదలవలేదు, వచ్చే వారం రండి అన్నాడు. నా పక్కనే నిలబడి అన్నాడు. నాకు నోరుంటేనా!

ఇంకొకటి చేశాడు. పని మొదలైన చోట నరదృష్టి తగలకుండా దిష్టిబొమ్మ కట్టాలి కదా. బారెడు మీసం, బయటికి తీసిన నాలుక, మిడిగుడ్లు, మెడలో ఎండుమిరపకాయల దండ. కట్టడానికి మేకు కోసం అటూ ఇటూ చూశాడు. నా దగ్గర రెండున్నాయి. కట్టేశాడు. ఆ రాక్షసుడి గడ్డం సరిగ్గా నా ఎర్ర అంకెల మీద పడింది. కావాలని చేశాడని నేననను. భక్తితోనే చేశాడు. మనుషులు భక్తితో కప్పేసినంత గట్టిగా కపటంతో కూడా కప్పలేరని నాకప్పుడే తెలిసింది.

మొదటి జల్లుకే మట్టి దిగింది. పెద్ద వానేం కాదు, తలతడుపు వాన. అసిరమ్మ పెరట్లో రుబ్బురోలు సగం మునిగింది. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని పైకొచ్చింది.

"ఏటి గవర్రాజా, నీ కొండంతా నా రోట్లో రుబ్బుకోమంటావేటి?"

అతను నవ్వాడు. "తప్పైపోనాది మామ్మా. రెండ్రోజుల్లో బస్తాలు ఏయించేత్తాను."

"రెండ్రోజులని నిన్నా సెప్పినావు."

"నిన్నటి రెండ్రోజులు ఇంకా అవనేదు కదా!"

పనివాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఏం చేస్తుంది. కానీ దిగేటప్పుడు తన వెనక గోడను అరచేత్తో ఒకసారి నిమిరింది. నేను చూశాను.

మర్నాడు టీవీలో వాయుగుండం అన్నారు. మూడు రోజులు కుండపోత అన్నారు. వీధి వీధంతా అదే మాట. అసిరమ్మ వీధి చివరింటి నూకరత్నాన్ని వెంటబెట్టుకుని నా ముందుకొచ్చింది. నూకరత్నం ఏడో తరగతి చదివింది, వీధిలో ఉత్తరాలూ రసీదులూ ఆమే చదివిపెడుతుంది.

"ఇందులో ఆఫీసోళ్ల నంబరుంటాదంట. తవిటయ్య సెప్పినాడు. సదువే."

నూకరత్నం నన్ను మొదటినుంచి చదువుకుంటూ వచ్చింది. నా మీద ఏం రాశారో పూర్తిగా నేను విన్నది ఆ రోజే. "...ఎవరికైనా ఇబ్బంది కలిగినచో ఈ క్రింది నంబరుకు..." అంటూ ఆగిపోయింది.

"ఆగిపోనావేటే?"

"కింద రాచ్చసుడున్నాడప్పా."

"ఎత్తి సూడు."

"ఓలమ్మో! దిష్టిబొమ్మని ముట్టుకుంటారేటి ఎవులైనా? ఈ వీధి దిష్టంతా అందులోనే ఉంటాది. మా అమ్మాయికి నెలలు నిండినాయి. నా వొల్ల కాదు."

అసిరమ్మ తవిటయ్యను పిలిచింది. కొండను పిండి చేసే మనిషి, బొమ్మ పేరెత్తగానే రెండడుగులు వెనక్కి వేశాడు. "నాను బండి తోలేవోణ్ణి మామ్మా, అది ముట్టుకుంటే నా బండి లోయలో పడతాది." సైకిలు మీద పోతున్న ఒకాయనను ఆపింది. ఆయన దణ్ణం పెట్టి ఇంకా గట్టిగా తొక్కుకుంటూ పోయాడు.

తూర్పున మబ్బు నల్లగా దిగుతోంది. ఆమె ఒకసారి ఇంటివైపు, ఒకసారి ఆ మిడిగుడ్లవైపు చూసింది. ఆ రెండు గదులు తప్ప ఆమెకు వెళ్లడానికి వేరే చోటు లేదు. నా దగ్గరికొచ్చి, రెండు చేతులతో ఆ గడ్డం పట్టుకుని పైకెత్తింది. ఎండుమిరపకాయల దండ నా రేకుకు తగిలి గలగలమంది.

"సదువే బేగి!"

నూకరత్నం రోడ్డుకు అవతల నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్కొక్క అంకే చదివింది. "ఫోన్ నాది వొద్దప్పా. నీ దాంతోనే కొడతాను." ఆ నంబరు తన ఫోన్లో ఉండటం కూడా ఆమెకు భయమే. కలిపిచ్చాక ఆఫీసువాళ్లతో అసిరమ్మే మాట్లాడింది.

మర్నాడు పొద్దున్నే ఇంజినీరమ్మ హేమసుందరి స్కూటీ మీద వచ్చింది. గొయ్యి చూసింది, వాలు చూసింది, కిందికి దిగి అసిరమ్మ పెరట్లో మడమలదాకా బురదలో నిలబడింది.

"పని మొదలవలేదన్నారు కదండీ?"

"ముహూర్తానికి మూడు బొచ్చెలు తీసినామండి మేడం."

"ఇవి మూడు బొచ్చెలా? పని ఆపండి. బస్తాల కట్ట వేసి, నాకు చూపించి, అప్పుడు మాట్లాడండి. వాన ఇవాళ సాయంత్రానికే."

గవర్రాజు నిజంగానే భయపడ్డాడు. ఎక్కడెక్కడి నుంచో బస్తాలు తెప్పించాడు, తవిటయ్యతోపాటు తానూ మోశాడు. తెల్ల చొక్కా ఎర్రబడింది. కట్ట పూర్తయిన గంటకు వాన మొదలైంది. మూడు పగళ్లూ మూడు రాత్రులూ కొండ కిందికి రావాలని చూసింది. బస్తాల దగ్గరికొచ్చి, బుసకొట్టి, అక్కడే కూర్చుంది. వాన తెరిపిచ్చాక చూద్దును కదా, మట్టికీ అసిరమ్మ గోడకూ మధ్య రెండు జానల నేల పొడిగా మిగిలి ఉంది.

ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండును! ఆపితే అబద్ధమవుతుంది.

వాన వెలిసిన వారానికి తవిటయ్య చేతికి దెబ్బ తగిలింది. "బొమ్మని ముట్టుకున్నాది కదేటి ఆ మామ్మ" అన్నారు. నూకరత్నం కోడిపెట్ట చచ్చిపోతే అదే అన్నారు. కోడిపెట్టల సంగతి నాకు తెలియనిది కాదు, అవి చావడానికి దిష్టి అక్కర్లేదు. కానీ నన్నెవరడిగారు? నూకరత్నం కూతురు కని, బిడ్డ రోజూ సాయంత్రం గుక్కపట్టి ఏడుస్తుంటే వీధికి ఇక అనుమానం లేకపోయింది. ఎవరూ అసిరమ్మను ఒక్క మాట అనలేదు. పోట్లాడినా బాగుండేది. ఊరికే పక్క సందులోంచి తిరిగి వెళ్లడం మొదలుపెట్టారు. పొద్దున్నే మూత తీస్తే లేచే ఆవిరి చూసి చేరే పిల్లలను తల్లులు వెనక్కి పిలుచుకున్నారు. నాలుగు పళ్లేల ఇడ్లీలు రెండయ్యాయి, రెండు ఒకటయ్యింది. తర్వాత ఆమె పట్నం అంచున హాస్టలుకు వెళ్లి పిండి రుబ్బిపెట్టే పనికి కుదిరింది. అక్కడ ఆమె చేతి సంగతి ఎవరికీ తెలియదు.

పైన ఇళ్లు లేచాయి, పని ముగిసింది, నన్ను పీకేశారు. తవిటయ్య నన్ను లారీలోకి ఎక్కించబోతే గవర్రాజు వద్దన్నాడు. "ఈ రేకు నాకొద్దు. ఇంకో సైటుకి కొత్తది రాయిత్తాను." అప్పుడే హాస్టలు నుంచి వస్తున్న అసిరమ్మను చూసి, కాస్త వేళాకోళంగానూ కాస్త సిగ్గుగానూ, "నువ్వట్టుకుపో మామ్మా. అక్కరకొచ్చినాది నీకే కదా" అన్నాడు.

ఆమె నన్ను నెత్తిన పెట్టుకుని దిగింది. ఇడ్లీ పొయ్యికి గాలి కొట్టకుండా అడ్డంగా నిలబెట్టింది, అక్షరాలు తనవైపు ఉండేలా. ఆ పొయ్యి ఇప్పుడు ఆదివారం మాత్రమే వెలుగుతుంది. ఆమెకు చదువు రాదు, నాకూ రాదు. అయినా ఇద్దరం చాలా మాట్లాడుకుంటాం, అంటే ఆమె మాట్లాడుతుంది. పెనిమిటి సంగతి, పుట్టింటి సంగతి, ఉప్పెన వచ్చిన ఏడు సంగతి. మధ్యలో "వింటన్నావేటే?" అని అడుగుతుంది. పొగకు నా అక్షరాలు ఒక్కొక్కటీ నల్లబడుతున్నాయి.

మొన్న ఆదివారం వాకిట్లో అలికిడైంది. నూకరత్నం. ఏడాదిన్నర తర్వాత. గడప అవతలే నిలబడింది.

"అప్పా, మా పెరటికి ఆనుకుని ఎవులో కొత్త కాంట్రాక్టరు తవ్వేత్తన్నాడు. బోర్డూ నేదు, బస్తాల్లేవు. నిన్న మా గోడకి సీలిక పడిపోనాది. ఆ నంబరు..."

"నా ఫోన్ పోనాదే. ఇదిగో, రేకు మీదుంది, సూసుకో."

అసిరమ్మ కొంగుతో నా మీది మసి తుడిచింది. నూకరత్నం గడప దాటకుండానే మెడ సాచి, ఒక్కొక్క అంకే చదువుతూ పాత కరెంటు బిల్లు వెనక రాసుకుంది. రెండుసార్లు సరిచూసుకుంది. అసిరమ్మ ఈలోగా పళ్లెంలో రెండు ఇడ్లీలు పెట్టి, పక్కన పచ్చడి వేసి, గడప దాకా తీసుకెళ్లింది.

"ఏడేడిగా ఉన్నాయి. తినెల్లు."

నూకరత్నం పళ్లెం వైపు చూసింది. ఆ చేతుల వైపు చూసింది.

"ఇప్పుడే తిన్నానప్పా. ఎల్లొత్తాను."

ఆ గోడ నిలబడిందో లేదో నాకు తెలియదు, ఎవరూ వచ్చి చెప్పలేదు. అసిరమ్మ మాత్రం చాలాసేపు గడప దగ్గరే నిలబడి, మనిషి మలుపు తిరిగి కనబడకుండా పోయాక లోపలికొచ్చింది. పొయ్యి ముందు, నాకు ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది. ఆ రెండు ఇడ్లీలూ చల్లారేదాకా చూసి, తనే తింది.