హోల్డ్‌లో రాలిన పిండి

ప్రతి ఉదయం ఐదున్నరకు ఇర్వింగ్ నగరపు తెలుగు క్రైస్తవ సంఘంలోని నలభై కుటుంబాలు ఫోన్‌లో ప్రేయర్ లైన్‌కు కలుస్తాయి. ఒక్కొక్కరు తమ మనవి చెప్పుకుంటారు. ప్రేమజ్యోతి పేరు పేరునా ప్రార్థిస్తుంది. ఆమెకు వినికిడి పోయి ఆరేళ్లయింది. అవతలివారి మాటలను ఫోన్ తెలుగు అక్షరాలుగా తెర మీద చూపేది, ఆమె చదువుకునేది.

మార్చిలో ఫోన్ అప్‌డేట్ అయ్యాక ఆ అక్షరాలు రావడం మానేశాయి. మర్నాడు సంఘంలోని నోయెల్ తన ఉద్యోగం పోయిందని చెప్పుకుంటే, భర్త చేసిన సైగను పొరబడి, వచ్చిందనుకొని ఆమె రెండు నిమిషాలు స్తోత్రాలు చెల్లించింది. సాయంత్రానికి పాస్టరు గారి మెసేజ్ వచ్చింది: “అమ్మగారూ, వచ్చే సోమవారం నుంచి ప్రేయర్ లైన్ మన ఫెబీ నడిపిస్తుంది. మీరు విశ్రాంతి తీసుకోండి.”

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. భర్త దైవాశీర్వాదం భోజనాల బల్ల ముందు కూర్చొని కస్టమర్ సపోర్ట్‌కు ఫోన్ చేశారు. మర్నాడూ చేశారు. ఆ మర్నాడూ చేశారు.

“రీస్టార్ట్ చేశారా సర్?”

“నిన్న చేశాను. మొన్న కూడా మీ మాట మీదే చేశాను.”

“ఒక్క నిమిషం, హోల్డ్‌లో పెడతాను.”

ఆ నిమిషం గంటన్నర సాగేది. హోల్డ్‌లో గడిచిన సమయం, అందరి ఇళ్లలో లాగానే, ఫోన్ చుట్టూ తెల్లటి పిండిగా రాలేది. ప్రేమజ్యోతి గుడ్డతో తుడిచేది.

“ఇవాళ ఇంత రాలిందేమండీ?”

ఆయన మూడు వేళ్లు చూపారు.

“మూడు గంటలా! బియ్యప్పిండైనా బాగుండును, నాలుగు రొట్టెలు చేసేదాన్ని.”

శనివారం రేణు అనే అమ్మాయి లైన్‌లోకి వచ్చింది. ఆయన పేరు చూసి గొంతు తగ్గించింది. “తెలుగువాళ్లేనా అంకుల్? ఆ ఫీచర్ తీసేశారు. ఇక రాదు. ఆ మాట చెప్పొద్దన్నారు కాబట్టి రీస్టార్ట్ చేయమంటాం. పొద్దుటి నుంచి అందరితో తిట్లు తింటున్నాను, నాకూ ఓపిక లేదు.”

రేణు గొంతుకు ఫోన్ అదిరింది. బల్ల మీది పిండి కదిలి ఆ మాటల అక్షరాలుగా పేరుకుంది. తుడవబోయిన ప్రేమజ్యోతి ఆగి, చివరి వరకు చదివింది.

“నీ పేరేమిటమ్మా?”

పిండిలో ‘రేణు’ అని పడింది. ప్రేమజ్యోతి కళ్లు మూసుకొని ఆ పేరుతో ప్రార్థించింది. పిండిలో ‘థాంక్స్ ఆంటీ’ అని పడింది.

సోమవారం ఐదున్నరకు, తుడవకుండా ఉంచిన పిండి మధ్య ఫోన్ పెట్టి ప్రేమజ్యోతి లైన్‌లో కలిసింది. మొదటి మనవి ఫెబీదే. తల్లికి స్కానింగ్ ఉందట. ప్రేమజ్యోతి పిండిలో చదివి, ఒక్క మాట పొల్లుపోకుండా ప్రార్థించింది. “ఇక మీరే నడిపించండి ఆంటీ” అంది ఫెబీ. నలభయ్యో మనవి ముగిసేసరికి, చదివిన పిండి చదివినట్టే మాయమైపోయి, బల్ల ఖాళీ అయింది.

తొమ్మిదింటికి దైవాశీర్వాదం మళ్లీ ఫోన్ చేసి రేణుకు కలపమన్నారు.

“అంకుల్, రేణును. మీ కంప్లయింట్ టిక్కెట్ క్లోజ్ చేసేయనా?”

“వద్దమ్మా. నన్ను హోల్డ్‌లో పెట్టు.”

“ఎంతసేపు?”

“రేపటికి నలభై కుటుంబాలకు సరిపడా పిండి కావాలి” అని ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “నీకు వీలైనంతసేపు.”