పడవవాడి జవాబు

ఇంగ్లీషు టీచరుది ఎప్పుడూ ఒకటే పాట: "గైడు ముట్టుకోకండి, సొంత మాటల్లో రాయండి." పిల్లలు బుద్ధిగా తలూపేవారు, అంతే బుద్ధిగా గైడు బట్టీ పట్టేవారు. పాపం, వాళ్లని అని ఏం లాభం? ఆ గైడు రాసింది ఆవిడే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో అచ్చువేసేవాళ్లు అడిగితే, వారం రోజుల్లో పేరు లేకుండా రాసి పారేసింది. ఆ సంగతి బళ్లో ఎవరికీ తెలియదు.

ఈసారి ప్రీఫైనల్‌లో ఒక పద్యం మీద ప్రశ్న వచ్చింది. వంతెన కట్టాక కూడా ముసలి పడవవాడు రోజూ రేవులో కూర్చుని చూస్తుంటాడు. ఎందుకు? నలభై పేపర్లలో ముప్ఫైతొమ్మిది ఒకే కూత కూశాయి. నది అందానికి మైమరచిపోయాడట. గైడులో ఉన్న అచ్చుతప్పుతో సహా దింపేశారు.

నలభయ్యోది అందరూ పిచ్చుక అని పిలిచే పిల్లది. నోరు విప్పినా వినబడని గొంతు, అందుకే ఆ పేరు. "హి నో సీ రివర్. హి సీ, ఎనీ మాన్ కమింగ్?" అని రాసింది. నదిని కాదట, ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నాడట. టీచరు నాలుగుసార్లు చదివింది. ఇన్నేళ్లూ తనకి తట్టనందుకు సిగ్గేసింది. ఐదుకి ఐదు వేసింది. ఆ ఐదుతోనే పిచ్చుక గట్టెక్కింది. ప్రీఫైనల్ తప్పినవాళ్లని, బడి ఫలితాలు పాడవుతాయని, ఫైనల్‌కే పంపరు.

హెడ్మాస్టరు ఆ పేపరు పట్టుకుని టీచర్ని పిలిపించాడు.

"గైడులో ఇలా లేదు కదమ్మా."

"గైడు తప్పండి."

"అంత ఖాయంగా ఎలా చెప్తారు?"

"రాసింది నేనే కాబట్టి."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "అయితే ముప్ఫైతొమ్మిది మందీ తప్పాలి. బడి పరువేం కాను?"

ఆలోచించి ఆయనే ఉపాయం కనిపెట్టాడు. ఎవరి మార్కులూ కదపలేదు. పిచ్చుక జవాబుకి ఇంగ్లీషు సరిచేసి, బరువైన మాటలు తగిలించి, పదహారు లైన్లు చేసి బోర్డు మీద ఎక్కించాడు. ఇకమీదట అదే సరైన జవాబు, అందరూ అప్పజెప్పాలి, అప్పజెప్పనివాళ్లని ఫైనల్‌కి పంపేది లేదన్నాడు. వారం తిరిగేసరికి పిల్లలంతా గడగడా అప్పజెప్పారు, ఒక్క పిచ్చుక తప్ప.

ఆ పిల్ల స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడింది. "నాకది రావట్లేదు టీచర్. రేపు అప్పజెప్పకపోతే పరీక్షకి పంపరంట."

"అది నువ్వు రాసిందే కదే."

"నేను రెండు లైన్లే రాశాను. దీన్లో పడవతను లేడు టీచర్."

టీచరు నోటుబుక్కు అందుకుని చూసింది. నిరీక్షణ ఉంది, కాలప్రవాహం ఉంది, మానవ సంబంధాలు రెండుసార్లు ఉన్నాయి. పడవవాడు మాత్రం ఎక్కడా లేడు. అయినా పరీక్ష పోతే ఆ పిల్ల చదువు పోతుంది.

"కూర్చో," అంది. పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కో లైనూ చెప్పి చెప్పించింది. గంటకల్లా పిచ్చుకకి మొత్తం వచ్చేసింది. అందులో ఏముందని అడిగితే, తెలియదంది.