జొన్నపిండికి తోడు

హైమ ఇంట్లో ఐస్‌క్రీమ్ బకెట్లలో ఐస్‌క్రీమ్ ఎప్పుడూ ఉండదు. ఆ మాటకొస్తే 1986లో అమెరికాలోని అరోరాలో ఏ తెలుగువాళ్ల ఇంట్లోనూ ఉండేది కాదు. ఒకదాంట్లో గోంగూర, ఒకదాంట్లో ఇడ్లీపిండి, ఒకదాంట్లో నిన్నటి సాంబారు. బేస్‌మెంట్ ఫ్రిజ్‌లోని నాలుగు బకెట్లలో మాత్రం హైమ రెండేళ్ల కష్టం ఉంది.

హైమ కాలేజీలో ఆహారం మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఏడాది తిరక్కుండానే కడుపుబ్బరం, మంట, మలబద్ధకం అంటూ క్లినిక్ చుట్టూ తిరగడం చూసింది. ఇంటి దగ్గర వాళ్లు తిన్నది పులియబెట్టిన జొన్నజావ, అలసందలు, ఆకుకూరలు. ఇక్కడ తింటున్నది తెల్లబ్రెడ్డు, వేయించిన మాంసం. పాత తిండి మళ్లీ పెడితే పేగుల వాపు తగ్గుతుందా, రక్తపరీక్షలో ఆ తేడా కనబడుతుందా? పన్నెండు మందికి రెండు వారాలు పెట్టి చూస్తానంది. డీన్ ఒకే ఒక్క అవకాశం ఇచ్చాడు. ఈ జూన్‌లో పూర్తికాకపోతే ల్యాబ్ గది వేరేవాళ్లకి.

జావకి మూలం బోట్స్‌వానా అమ్మాయి నలేది తెచ్చింది. వాళ్లమ్మ పులిసిన పిండిని గుడ్డకి పట్టించి, ఎండబెట్టి ఇచ్చిందట. దాన్ని నీళ్లలో నానబెట్టి, కొత్త జొన్నపిండి కలుపుతూ పెంచుకొచ్చారు. ల్యాబ్‌లో పెడితే పక్క గదివాళ్లు కంపన్నారు. నలేది రూమ్మేటూ అదే మాట. చివరికి అంతా హైమ బేస్‌మెంట్‌కి చేరింది.

పన్నెండు మందికీ జావ పెట్టడం మొదలెట్టాక ఆరో రోజు శనివారం. ఆ పూటకి సరిపడా జావ కాచుకుని హైమ పొద్దున్నే కాలేజీకి వెళ్లింది. ఇంట్లో ఆమె భర్త దామోదర్ స్నేహితులకి భోజనాలు. జెర్సీ సిటీ నుంచి వచ్చిన ఆడపడుచు రాధారాణి వంట నేను చూసుకుంటానంది. ఆవిడ చూసుకుంటానంటే ఇంకెవరూ వేలు పెట్టడానికి లేదు.

మధ్యాహ్నం కారు దిగగానే దోసెల వాసన కొట్టింది. తను దోసెలపిండి రుబ్బలేదే అనుకుంది హైమ. గబగబా లోపలికి నడిచింది.

"రా హైమా! జొన్నదోసెలు తిని ఎన్నేళ్లయిందో అంటూ ఎగబడ్డారు. నాలుగు బకెట్లూ ఖాళీ. పిండి భలే పులిసిందే!" అంది రాధారాణి పెనం ముందు నుంచి.

వదినని ఏమీ అనలేక హైమ మొగుడి వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ ఫ్రిజ్ ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"అక్కయ్య పిండి ఉందా అంటే కింద చూడమన్నాను. దానికేం, రేపు మళ్లీ కలుపుకో. స్టోర్‌లో జొన్నపిండి దొరకదా ఏంటి?"

రెండేళ్లుగా రోజూ భోజనం దగ్గర చెబుతూనే ఉంది. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడగడమంటే ఇదే. హైమకి ఒళ్లు మండిపోయింది.

అంతలో డాక్టర్ అచ్యుతరావు పొట్ట నిమురుకుంటూ వచ్చాడు. ఊళ్లో పేరున్న కడుపు డాక్టరు. మొన్న మంగళవారం ఈ స్టడీని సపోర్ట్ చేస్తూ ఒక్క లెటర్ ఇమ్మంటే, 'గంజితో పేగులు బాగుపడితే మేమంతా ఎందుకమ్మా' అని నవ్వాడు.

"ఏడు లాగించాను హైమా. ఎంత లైట్‌గా ఉందో! యాంటాసిడ్ కూడా మర్చిపోయాను. మా మిసెస్‌కి రెసిపీ ఇవ్వమ్మా."

"మంగళవారం మీరు నవ్వింది ఈ పిండిని చూసే, డాక్టరు గారూ."

"అది సైన్స్ అన్నావు కదా. ఇది తిండి."

"ఒక్కపూట తిని లైట్‌గా ఉందనడం కూడా సైన్స్ కాదండీ," అనేసింది. చుట్టూ ఉన్నవాళ్లు ప్లేట్లలోకి చూసుకున్నారు.

వంటగదిలో బకెట్లు సబ్బుతో తోమి బోర్లించి ఉన్నాయి. రాధారాణి శుభ్రానికి పెట్టింది పేరు. హైమ గోడకున్న ఫోన్ అందుకుని నలేదికి జరిగింది చెప్పింది.

"నా దగ్గర ఏమీ లేదు, అంతా మీకే ఇచ్చాను," అంది నలేది మెల్లగా. "కొంచెం పక్కకి తీసిపెట్టలేదా? ఒక్క గరిటెడు తియ్యకుండా మా అమ్మ కుండ కడగదు."

హైమ ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది.

"పిండికి ఏడుస్తావేమే?" అంది రాధారాణి కంగారుగా.

"ఉత్త పిండి కాదు వదినా. పాతది కలిపితేనే కొత్తది అలా పులుస్తుంది, పెరుగులాగే. మధ్యలో ఒక్కరోజు తప్పినా నా స్టడీ పోయినట్టే."

రాధారాణి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "అయ్యో! మరి తోడు తీసిపెట్టుకోలేదుటే?"

ఆ మాటలో దెప్పు లేదు, నిజంగానే ఆశ్చర్యం. పద్దెనిమిదేళ్ల కాపురంలో హైమ తోడు తియ్యకుండా పెరుగుగిన్నె ఒక్కనాడు కడిగి ఎరగదు. ఒకసారి తోడు పాడైపోతే మంచులో నాలుగు వీధులు నడిచి తెచ్చుకుంది. ల్యాబ్ పని అనేసరికి ఆ బుద్ధి ఎక్కడికి పోయింది? డీన్‌ని, డాక్టర్‌ని, మొగుణ్ణి తిట్టుకోవడానికి బోలెడు మాటలున్నాయి గానీ దీనికి ఒక్కటీ దొరకలేదు.

"మూతలేవి?" అంది చివరికి.

"పగిలాయని ట్రాష్‌లో వేశాను."

హైమ మోచేతి దాకా చెయ్యి పెట్టింది. రాధారాణి కొంగు బొడ్లో దోపుకుని పక్కన వంగింది. కాగితం ప్లేట్లు, పచ్చడి, కరివేపాకు అన్నీ దాటాక ఒక మూత దొరికింది. అంచున ఎండిన పిండి, గోరంత. హైమ దాన్ని చెంచాతో గీకి, ఒకటి పక్కకి తీసిపెట్టడానికని ముందే రెండు గిన్నెల్లోకి పంచింది. ఆ తోడు బతికినా, కొత్త పిండి పులవడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

"అమ్మా, ఇంకో దోసె ఉందా?" అచ్యుతరావు ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"లేదండీ," అంది హైమ. "రేపు పొద్దున వచ్చే పన్నెండు మందికి కూడా లేదు."