నిలువెత్తు ఫొటో

ఆ పిల్ల పొడుగు. పొడుగంటే మీరూ నేనూ అనుకునే పొడుగు కాదు. బస్సులో నిలబడితే పైకప్పు తగిలే పొడుగు, వీధి మలుపు తిరగకముందే ప్రహరీగోడ మీదుగా తల కనబడి ‘అదిగో, వచ్చేస్తోంది’ అని ఇంట్లోవాళ్లకు తెలిసిపోయే పొడుగు. పోయిన తండ్రి పోలిక. ఆయన బతికినన్నాళ్లూ గుమ్మాలకు నుదురు కొట్టుకుంటూ, రుద్దుకుంటూ, తనలో తను నవ్వుకుంటూ హాయిగా బతికేశాడు. మగవాడు కాబట్టి ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆడపిల్ల కదా, దీన్ని అననివాళ్లు లేరు.

తల్లి మంచిది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. పిల్ల చిన్నప్పుడు ఒకరోజు బడి నుంచి వెక్కి వెక్కి ఏడుస్తూ వచ్చింది. క్లాసులో ఎవడో ‘కరెంటు స్తంభం’ అన్నాడట, మిగతావాళ్లంతా పగలబడి నవ్వారట. ఆ రాత్రి పిల్ల ఏడ్చి నిద్రపోయింది గానీ తల్లికి నిద్ర పట్టలేదు. తెల్లవారాక జడలు వేస్తూ అంది: “కాస్త వంగి నడువు తల్లీ. ఎవరి కళ్లలోనూ పడవు.”

అప్పటినుంచి అదే పాట. పేరంటానికి వెళ్లినా కాస్త వంగు, ఫొటో దిగినా వెనక వరసలో నిలబడి కాస్త వంగు. పిల్ల మాట జవదాటేది కాదు. వంగీ వంగీ పాతికేళ్లు రాకుండానే నడుమునొప్పి తెచ్చుకుంది.

ఆ నడుమును నిలబెట్టింది ఒక కర్టెన్ల షాపు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే, గోడ మీది రాడ్డుకు స్టూలు లేకుండా, మడమ కూడా ఎత్తకుండా కర్టెన్ తగిలించేసింది. షాపు ఓనరమ్మ నోరు వెళ్లబెట్టి చూసి, “ఓసి నా నిచ్చెనా! ఇన్నాళ్లూ ఎక్కడున్నావే!” అంది. ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ మాటలో వెటకారం వీసమెత్తు లేదు, ఉన్నదంతా మురిపెమే. ఆ పిల్లకు ఆ తేడా తెలిసింది. రోజంతా చేతులు పైకెత్తి పనిచేస్తుంటే వెన్ను దానంతటదే సాగింది, భుజాలు విచ్చుకున్నాయి, నొప్పి ఎటు పోయిందో పోయింది. ఇంటి గుమ్మం దాకా నిటారుగా నడిచి వచ్చి, తల్లి కనబడగానే మాత్రం అలవాటు కొద్దీ వంగేది.

పెళ్లికొడుకు దొరికింది కూడా ఆ షాపులోనే. సైకిల్ షాపు అతను. వాళ్లమ్మకు కర్టెన్లు కొనడానికి వచ్చాడు. మనిషి గట్టివాడే గానీ పొట్టివాడు, నిచ్చెన భుజం దాకా వస్తాడు, అంతే. ఆమె కర్టెన్ తగిలించి చూపిస్తుంటే కింది నుంచి పైదాకా చూసి, చాలా గంభీరంగా అడిగాడు.

“ఏమండీ, మా ఇంట్లో అటక ఉంది. దాని మీద ఏముందో మా తాతగారి కాలం నుంచీ ఎవరికీ తెలీదు. మీరొకసారి వచ్చి చూసి చెబుతారా?”

నిచ్చెనకు నవ్వాగలేదు. కర్టెన్లు తగిలించడానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు నిజంగానే అటక చూసింది కూడా. రెండు పాత సైకిల్ చక్రాలు, మూత లేని ఇత్తడి బిందె, బోలెడంత దుమ్ము. అది మొదలు ఇద్దరి మధ్యా మాట కలిసింది, మనసు కలిసింది, పెళ్లి మాట కూడా అనుకున్నారు.

తల్లికి అబ్బాయి నచ్చాడు. ఎందుకు నచ్చడు, బంగారం లాంటి పిల్లాడు. కానీ ఇద్దరూ పక్కపక్కన నిలబడగానే ఆవిడ గుండె గుభేలుమంది. ఆ రాత్రికే ఆడపడుచును పిలిపించింది. మేనత్త వస్తూనే నడుం బిగించింది.

“నువ్వేం బెంగపెట్టుకోకు వదినా. పెళ్లి రిజిస్టరాఫీసులో కదా, కుర్చీల్లో కూర్చునే సంతకాలు పెడతారు. ఎటొచ్చీ చిక్కల్లా ఫొటోతోనే. దాని సంగతి నాకొదిలెయ్.”

ఇంక చూడండి, వారం రోజులు ఆ ఇంట్లో ఒకటే తతంగం. బీరువా అద్దం ముందు మేనత్త పెళ్లికొడుకులా ఛాతీ విరుచుకుని నిలబడేది. పక్కన నిచ్చెన మోకాళ్లు వంచాలి, ఒక భుజం దించాలి, మెడ పక్కకు వాల్చాలి, పైగా నవ్వాలి.

“నవ్వమంటే పళ్లు కొరుకుతావేమే?”

“మోకాళ్లు పీకుతున్నాయత్తా!”

“ఒక్క ఫొటోకేనే. జన్మంతా వంగమన్నానా?”

నిచ్చెనకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. జన్మంతా చేసింది అదేగా! తల్లి వైపు చూసింది. తల్లి మంచం మీద కూర్చుని, కొత్తగా కొన్న మడమ లేని చెప్పులు ఒళ్లో పెట్టుకుని, ఆశగా చూస్తోంది. నిచ్చెన మళ్లీ మోకాళ్లు వంచి, సరేనంది.

పెళ్లిరోజు రానే వచ్చింది. సంతకాలు చక్కగా అయిపోయాయి, అందరూ ఫొటో స్టూడియోకు బయల్దేరారు. దారిలో నిచ్చెనకు అనుమానం వచ్చింది. పెళ్లికొడుకు అప్పుడే నడక నేర్చిన దూడలా తడబడుతున్నాడు, ఎప్పుడూ భుజం దగ్గరుండే తల చెవి దాకా వచ్చింది.

“ఏమైంది నీకు?” అని గుసగుసగా అడిగింది.

“మా అమ్మ బూట్లలో దిమ్మలు పెట్టించింది. మాట్లాడించకు, పడతాను” అన్నాడు పళ్ల బిగువున.

స్టూడియో ఇరుకు గది. వెనక నీలం తెర, అటూ ఇటూ గొడుగుల్లాంటి లైట్లు. ఫొటోగ్రాఫరు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. పాపం, అతనికీ సాయం చేయాలనే ఉంది. మూల నుంచి మూతున్న చెక్కపెట్టె ఒకటి లాక్కొచ్చాడు. చిన్నపిల్లల్ని కూర్చోబెట్టేది.

“పెళ్లికొడుకుగారు దీని మీద నిలబడితే సరి. ఫొటోలో పెట్టె పడదు.”

“అదీ తెలివంటే!” అంది మేనత్త.

దిమ్మల బూట్లతో పెట్టె ఎక్కాడు పెళ్లికొడుకు. పక్కన నిచ్చెన నేర్చుకున్న పాఠం ప్రకారం మోకాళ్లు వంచింది, భుజం దించింది, మెడ వాల్చింది. లైటు ఫెళ్లున వెలిగింది. మేనత్త కెమెరాలోకి తొంగి చూసి చప్పట్లు కొట్టింది. ఇప్పుడు పెళ్లికొడుకే పెళ్లికూతురి కన్నా జానెడు పొడుగు!

“ఎంత ముచ్చటగా ఉన్నారో! చూడవే, నువ్వే చూడు!”

నిచ్చెన చూసింది. కెమెరాలో ఎవరో కొత్తాయన బిగుసుకుపోయి నిలబడి ఉన్నాడు. అతని పక్కనున్న పిల్లను మాత్రం ఆమె ఎరుగును, బాగా ఎరుగును. బడి ఫొటోల్లో వెనక వరసలో వంగిపోయి, ఎవరి కళ్లలోనూ పడకుండా దాక్కున్న పిల్ల. వదిలేశాననుకుంటే, మళ్లీ పెళ్లిబట్టలు కట్టుకుని వచ్చి కూర్చుంది. నిచ్చెనకు భయమేసింది. ఈ ఫొటో పటం కడతారు, కొత్త ఇంట్లో గోడకు పెడతారు. రోజూ దాన్ని చూస్తూ బతకాలి. చూసినవాళ్లందరూ ఆమెను ఇంతే అనుకుంటారు. కొన్నాళ్లకు తనూ అనుకుంటుంది.

“అమ్మా, నేను వంగను” అంది.



“అదేమిటే, ఇంకొక్కటి దిగితే అయిపోతుందిగా!” అంది తల్లి.

“ఒక్కటి కూడా వద్దమ్మా. షాపులో రోజంతా నిటారుగా ఉంటాను. ఎంత హాయిగా ఉంటుందో నీకు తెలీదు. నీ దగ్గరికి వచ్చేసరికే వంగుతున్నాను. ఇవాళ్టి నుంచి అది కూడా నావల్ల కాదు.”

తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. “నవ్వుతారే! పెళ్లిరోజున నా బిడ్డను చూసి నలుగురూ నవ్వితే నేను తట్టుకోలేనే.”

నిచ్చెనకు కోపం రాలేదు. ఇన్నేళ్లూ అమ్మ ఏం మోస్తోందో ఆ మాటతో తెలిసింది. తల్లి రెండు చేతులూ పట్టుకుంది.

“నవ్వితే నవ్వనీ అమ్మా. అప్పుడంటే చిన్నదాన్ని, ఏడ్చాను. ఇప్పుడు ఏడవను. నిజంగా.”

అని, వెనక్కి తిరిగి, తెర ముందు తిన్నగా నిలబడింది. వెన్ను నిటారుగా, తల ఎత్తి, తండ్రి నిలబడినట్టే.

పెట్టె మీది నుంచి సన్నగా ఒక గొంతు వినబడింది. “మరి... నేను కూడా దిగొచ్చా? బొటనవేళ్లు చచ్చిపోయాయి.”

పెళ్లికొడుకు దబ్బున కిందికి దూకాడు. బూట్లు విప్పి అటు విసిరాడు, మేజోళ్లతోనే వచ్చి పెళ్లాం పక్కన నిలబడ్డాడు. తల సరిగ్గా ఆమె భుజం దగ్గర ఆగింది. ఆ తల పైకెత్తి, “అబ్బ, వచ్చావా! ఇందాకట్నుంచీ ఎటు పోయావు?” అన్నాడు.

ముందు కిసుక్కుమన్నది మేనత్తే. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది గానీ ఆపుకోలేకపోయింది. ఆవిణ్ని చూసి పెళ్లికొడుకు తల్లి, ఆవిణ్ని చూసి ఫొటోగ్రాఫరు నవ్వారు. గదంతా నవ్వే. తల్లి ఇన్నేళ్లూ ఏ నవ్వుకు భయపడిందో ఆ నవ్వు వచ్చేసింది. ఆవిడ బెదురుగా కూతురి మొహంలోకి చూసింది. చూడాలంటే తల బాగా పైకెత్తాల్సి వచ్చింది. ఆ పైన కూతురు అందరికన్నా గట్టిగా, కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వుతోంది. మొగుడి తల మీద మోచెయ్యి ఆనించి మరీ నవ్వుతోంది.

తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. కూతురికి తొడగాలని తెచ్చి, హడావుడిలో మరిచిపోయి చేతిలోనే ఉంచుకున్న మడమ లేని చెప్పుల జత వంక ఒకసారి చూసి, దాన్ని తీసుకెళ్లి చెక్కపెట్టెలో పడేసి మూత పెట్టింది.

ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. ఇప్పుడొచ్చింది అసలు చిక్కు. గది ఇరుకు, పెళ్లికూతురు పొడుగు. ఒక అడుగు వెనక్కి వేశాడు, చాల్లేదు. గోడకు ఆనుకున్నాడు, అయినా చాల్లేదు.

“నడుం దాకా తీసేస్తానండీ, లేకపోతే పైన కాస్త తెగుతుంది” అన్నాడు నసుగుతూ.

“ఏమిటీ, తెగుతుందా?” తల్లి గయ్యిమని లేచింది. చరచరా వెళ్లి వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. దారినపోయే జనం ఆగి లోపలికి చూస్తున్నారు, చూడనీ.

“వీధిలోకి వెళ్లి తియ్యి బాబూ! ఇంకా వెనక్కి, ఇంకా! ఆ ఎదురు అరుగు ఎక్కినా సరే. మా అమ్మాయిని పాదాల దగ్గర్నుంచి తల దాకా పూర్తిగా తియ్యాలి. ఒక్క వెంట్రుక తెగిందా, నేను ఊరుకోను!”